హైనిష్ అడవిలో అమ్మానాన్నలతో చుట్టుదారి నడక: కాస్త సలహా ఇవ్వండి

జర్మనీలో ఉన్న తెలుగువాళ్లలో థురింగియా వైపు హైనిష్ నేషనల్ పార్కులో నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా అండీ? అక్టోబరులో, ఆకులు రంగు మారే సమయానికి, అమ్మానాన్నల్ని తీసుకెళ్దామని ఉంది. 2011లో యునెస్కో గుర్తించిన పాత బీచ్ చెట్ల (సముద్రపు బీచ్ కాదు, beech అనే చెట్టు) అడవుల్లో ఇదొకటి. టీమ్స్‌బుర్గ్ దగ్గర చెట్ల కొమ్మల ఎత్తున కట్టిన నడకదారికి లిఫ్ట్ ఉంది కాబట్టి దాని గురించి బెంగ లేదు.

నా టెన్షన్ అంతా కింద అడవిలో నడిచే చుట్టుదారి గురించే. అమ్మకు మోకాళ్ల నొప్పులు. రెండు గంటల్లో మొదలుపెట్టిన చోటికే వచ్చేసే దారి కావాలి. వాన పడితే అక్కడి బంకమట్టి బాగా జారుతుందా? 2018 కరువు తర్వాత చాలా బీచ్ చెట్లు ఎండిపోయాయి, నేషనల్ పార్కు కాబట్టి వాటిని అలాగే వదిలేస్తారు. గాలి ఉన్న రోజు వెళ్లడం మానుకోవాలా?

పిడుదుల భయం అక్టోబరులో కూడా ఉంటుందా? వాటి కాటుతో వచ్చే మెదడువాపుకు నేను టీకా వేయించుకున్నాను, వాళ్లు వేయించుకోలేదు. నాన్నేమో పంచెలోనే వస్తానంటున్నారు!

మాకు కారు లేదు. బాడ్ లాంగెన్‌జాల్ట్సా స్టేషన్ నుంచి ఆదివారం బస్సు మీద ఆధారపడొచ్చా, లేక టాక్సీ ముందే చెప్పుకోవాలా?