రెడింగ్‌లో గాలం వేయాలనుంది: బెండా, ఫీడరా, కార్పా, లూరా?

రెడింగ్, కొత్తగా వచ్చినవాణ్ణి

అందరికీ నమస్కారం. జనవరిలో ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చాను. మాది కైకలూరు దగ్గర పల్లె. కాలువ గట్టు మీద వెదురు కర్ర, నెమలి ఈక కాడతో బెండు, వానపాముల ఎర, వీటితోనే పెరిగాను. ఇక్కడ కెనెట్ నది ఒడ్డున నడుస్తుంటే గాలాలు వేసేవాళ్ళు కనబడి ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒక పెద్దాయన బెండుని ప్రవాహంలో వదిలి దాన్నే చూస్తూ నిలబడతాడు. ఇంకొకాయన రాడ్లు స్టాండు మీద పెట్టి టెంటులో కూర్చుంటాడు, చేప పడితే బీప్ మని మోగుతుంది. ఒక కుర్రాడు చిన్న రాడ్ పట్టుకుని నడుస్తూనే ఉంటాడు. ఆఫీసులో ఇద్దరిని అడిగితే ఎవరికి వాళ్ళు తమదే అసలైన వేట అన్నారు. మార్చి సగమయ్యేసరికి ఒడ్డంతా ఖాళీ, ఎందుకో తెలియలేదు.

దేనితో మొదలుపెట్టమంటారు? ఖర్చెంత? పట్టిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా?

స్లౌ నుంచి

తమ్ముడూ, చివర అడిగినదానికి ముందు చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళు చిక్కుల్లో పడేది అక్కడే. చేప ఇంటికి తేవద్దు. ఇంగ్లండ్ నదుల్లో చట్టం కొద్దిగా వీలిస్తుంది: రోజుకి 20 సెంటీమీటర్లలోపు చిన్న చేపలు 15, 65 సెంటీమీటర్లు దాటని పైక్ ఒకటి. అదీ ఆ ఒడ్డు ఎవరిదో వాళ్ళు ఒప్పుకుంటేనే. చెరువుల్లో యజమాని రాసి ఇచ్చిన అనుమతి ఉండాలి. మలుగుపాము పడితే ఎక్కడైనా వదలాల్సిందే. ఆచరణలో మాత్రం కోర్స్ ఫిషింగ్ చేసేవాళ్ళు, అంటే సాల్మన్, ట్రౌట్ తప్ప మిగతా మంచినీటి చేపలు పట్టేవాళ్ళు, దాదాపు అందరూ వదిలేస్తారు. ఈ చల్లటి నీళ్ళలో చేప నిదానంగా ఎదుగుతుంది. పది కిలోల కార్ప్ అంటే ఏళ్ళ తరబడి ఆ చెరువులో ఉన్నది, యజమాని డబ్బు పెట్టి వేసింది. దాన్ని పట్టి వదలడం మీదే ఆ చెరువు నడుస్తోంది. కూర మీద మనసైతే సముద్రపు ఒడ్డుకి వెళ్ళు. ఇంగ్లండ్‌లో ఒడ్డు నుంచి సముద్రంలో గాలం వేయడానికి రాడ్ లైసెన్సు అక్కర్లేదు, సైజు నిబంధన చూసుకుని మాకరెల్ తెచ్చుకోవచ్చు.

ఒడ్డు ఖాళీ అవడానికి కారణం క్లోజ్ సీజన్. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో కోర్స్ చేపలు పట్టకూడదు, గుడ్లు పెట్టే కాలమని. 1878 నాటి చట్టంతో మొదలైన పద్ధతి ఇది. చాలా చెరువులకీ కాలువలకీ ఇప్పుడు ఆ ఆంక్ష లేదు. కానీ నీ ఊళ్ళో ఒక మెలిక ఉంది. కెనెట్ అండ్ ఏవన్ కాలువ రెడింగ్ నుంచి న్యూబరీ దాకా చాలాచోట్ల కాలువ పేరుతో ఉన్న నదే. ఆ ముక్కల్లో నది నిబంధనే వర్తిస్తుంది. బోర్డు మీద "కెనాల్" అని చూసి ఏప్రిల్‌లో గాలం వేయకు. జూన్ 15 దాకా చెరువు వెతుక్కో. రెడింగ్ చుట్టూ కంకర తవ్విన గుంతల్లో నీళ్ళు నిండి బోలెడు చెరువులయ్యాయి.

లైసెన్సు, అనుమతి రెండూ వేరు. రాడ్ లైసెన్సు ప్రభుత్వానిది, ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇస్తుంది, గవర్నమెంటు సైటులోనే కొను. పదమూడేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి ఉచితం, కానీ తీసుకోవడం తప్పనిసరి. లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా వెళ్ళొచ్చు. అది చేతిలో ఉన్నా ఆ ఒడ్డున కూర్చునే హక్కు రాదు. దానికి క్లబ్బు సభ్యత్వమో ఆ రోజు టికెట్టో కావాలి.

ఇక అసలు ప్రశ్న. నా మాట అడిగితే వ్యాగ్లర్ బెండుతో మొదలుపెట్టు. నీ నెమలి ఈక కాడే అది. ఇక్కడ కూడా పాతకాలం వ్యాగ్లర్లు నెమలి ఈక కాడతో చేసేవాళ్ళు, ఇప్పటికీ చేసుకునేవాళ్ళున్నారు. 13 అడుగుల ఫ్లోట్ రాడ్, చిన్న రీల్, నాలుగు పౌండ్ల బరువు తట్టే లైన్, కొసకి అంతకంటే సన్న లైన్‌తో 18 నంబరు గాలం, దానికి ఒక్క మ్యాగట్, అంటే ఈగ పురుగు. రాడ్, రీల్, చిల్లర సామాను కలిపి వంద పౌండ్లలోపే అవుతుంది. బెండు నిలవడానికి లైన్‌కి పట్టించే గుళ్ళు సీసంవి మాత్రం కొనకు. 28.35 గ్రాములు దాటని సీసం 1987 నుంచి ఇక్కడ నిషేధం (మరీ సన్న గుళ్ళు తప్ప), హంసలు మింగి చచ్చిపోతున్నాయని. షాపులో విషం లేని గుళ్ళు అడుగు.

మొదట లోతు కొలవాలి. చాలామంది వదిలేసేది ఇదే, బెండు వేటలో సగం విద్య ఇదే. గాలానికి చిన్న బరువు తగిలించి వేస్తావు. బెండు మునిగిపోతే లోతు ఎక్కువుంది, బెండుని పైకి జరుపు. బెండు అడ్డంగా పడుకుంటే మరీ పైకి జరిపావు, కిందికి దించు. కొస ఒక్కటే నీళ్ళ పైన నిలిచేదాకా ఇలా చేసి, బరువు తీసేసి, ఆ లోతులో మ్యాగట్‌ని నేల తాకీ తాకనట్టు వదులు. పక్కనే అడుగు దూరంలో మళ్ళీ కొలువు. కాసేపటికి నీళ్ళ కింద నేల ఎక్కడ దిగిందో ఎక్కడ మెట్టు కట్టిందో కంటికి కట్టినట్టు తెలుస్తుంది. చేప ఆ మెట్టు అంచు పట్టుకునే తిరుగుతుంది. తర్వాత నిమిషానికోసారి నాలుగైదు మ్యాగట్లు అదే చోట వేస్తూ ఉండు, మరీ కుమ్మరించకు. బెండు మునగడం ఒక్కటే చేప కొట్టినట్టు కాదు. గాలం దగ్గరి చిన్న గుండు నేల మీద ఉంటే, బ్రీమ్, టెంచ్ లాంటివి ఎర ఎత్తగానే ఆ బరువు తేలి బెండు పైకి లేస్తుంది. అప్పుడూ రాడ్ ఎత్తాలి.

ఫీడర్ (మేత నింపి లైన్‌కి కట్టే చిన్న బుట్ట) వేసినా, కార్ప్ వేసినా ఈ నేల జ్ఞానం ఉన్నవాడికే చేప. అందుకే బెండు ముందు అంటాను.

మిల్టన్ కీన్స్ నుంచి

అన్న చెప్పినదాంట్లో లైసెన్సు సంగతి అక్షరాలా నిజం. కానీ బెండు దగ్గరే ఆగిపోవద్దు బ్రదర్. నేను కార్ప్ వేటగాణ్ణి, దాపరికం లేదు. ఇక్కడి కార్ప్ మన బంగారుతీగే, కైకలూరువాడికి చెప్పక్కర్లేదు. రాత్రంతా చెరువు గట్టున పడుకుని, తెల్లారుజామున అలారం ఒక్కసారిగా ఆగకుండా మోగితే లేచి రాడ్ పట్టుకోవడం, ఆ బరువు లైన్‌లో తెలియడం, అది ఇంకే వేటలోనూ రాదు.

దీనికి వెనక పెద్ద కథే ఉంది. 1952 సెప్టెంబరులో రిచర్డ్ వాకర్ అనే ఆయన హెర్‌ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ చెరువులో 44 పౌండ్ల కార్ప్ పట్టాడు, అంటే సుమారు ఇరవై కిలోలు. పెద్ద కార్ప్‌ని తెలివిగా కూర్చుని పట్టడం సాధ్యం కాదనే రోజులవి. ఆ చేపని చంపలేదు, లండన్ జూకి పంపారు. కరెంటుతో మోగే బైట్ అలారం కూడా ఆయన పనితనమే. 1970ల చివరికి హెయిర్ రిగ్ వచ్చింది. ఎరని గాలానికి గుచ్చరు, గాలం వంపు కింద సన్న దారానికి వేలాడదీస్తారు. చేప ఎరని పీల్చుకుంటే ఖాళీ గాలం కూడా నోట్లోకి వెళ్ళి, ఉమ్మేటప్పుడు పెదవికి గుచ్చుకుంటుంది. ఈ ఒక్క దారంతో కార్ప్ వేట అంతా మారిపోయింది.

ఖర్చు ఎక్కువే, అది ఒప్పుకోవాలి. మంచి వలబుట్ట, చేపని పడుకోబెట్టే మెత్తటి మ్యాట్ లేకుండా కార్ప్ జోలికి పోవద్దు. గట్టు మీద రాళ్ళలో చేపని పెట్టడం పాపం. రాడ్లు వదిలి కారు దగ్గరికి వెళ్ళడం కూడా చట్టప్రకారం తప్పు.

స్లౌ నుంచి

కార్ప్ మీద నాకు కోపం లేదు. ఒక్క మాట. కొత్తవాడు రాత్రంతా చెరువు దగ్గర కూర్చుని ఏమీ పడకుండా తెల్లారితే, రెండోసారి వెళ్ళడు. బెండుతో అరగంటలో అరచేతంత రోచ్ పడుతుంది. చిన్నదే, కానీ వాడు మళ్ళీ వస్తాడు. మధ్యేమార్గం కావాలంటే కమర్షియల్ చెరువులో, అంటే వ్యాపారానికి చేపలు దండిగా వేసిన చోట, మెథడ్ ఫీడర్. తడిపిన మేత పెల్లెట్లు ఫీడర్ మీద అచ్చుతో నొక్కి, మధ్యలో ఎర దాచి, వేసి కూర్చోవడమే. ఫీడర్ బరువుకే గాలం గుచ్చుకుంటుంది. వేళ్ళకి పని తక్కువ, చేపలు ఎక్కువ. నాకు ఆ పద్ధతిలో మనసు నిండదు, కానీ నిండేవాళ్ళు లక్షలమంది ఉన్నారు.

మాంచెస్టర్ నుంచి

నమస్తే అండీ. ఇద్దరు పిల్లల తల్లిని, నాకు అంతంతసేపు కూర్చునే వీలు లేదు. నాకు కుదిరింది ఆ కుర్రాడి పద్ధతి, లూర్. సంచిలో చిన్న రాడ్, నాలుగు రబ్బరు చేపలు, గాలం తీసే పట్టకార, అంతే. స్కూల్ నుంచి పిల్లల్ని తెచ్చే ముందు గంటసేపు కాలువ వెంట నడుస్తాను. డ్రాప్ షాట్ అని చేస్తాను: బరువు లైన్ చివర ఉంటుంది, గాలం దానికి జానెడు పైన. బరువు నేల మీద ఉండగా రబ్బరు చేప మాత్రం నీళ్ళలో వణుకుతుంది. వంతెన కింద, లాక్ గేటు మూల, కట్టేసిన పడవల నీడ, పెర్చ్ ఉండేది అక్కడే. ఒంటి మీద నల్లచారలు, ఎర్ర రెక్కలు, వెన్ను మీద ముళ్ళు. పట్టుకునేటప్పుడు ఆ ముళ్ళని తల వైపు నుంచి వెనక్కి అణచి పట్టుకోండి, లేకపోతే చెయ్యి చీరుకుపోతుంది. పైక్ ఉండే నీళ్ళయితే గాలానికి ముందు సన్న ఉక్కు తీగ కట్టాలి, దాని పళ్ళకి మామూలు లైన్ నిలవదు.

ఇక్కడ ఒడ్డు మీద ఆడవాళ్ళు తక్కువే, నిజమే. అయినా నన్నెవరూ ఇబ్బందిపెట్టలేదు. కాలువలు చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్ళు "లెట్స్ ఫిష్" అని నేర్పే కార్యక్రమాలు పెడతారు, సామాను వాళ్ళే ఇస్తారు. మా పెద్దాడు నేర్చుకున్నది అక్కడే, రీల్ లేని పొట్టి విప్ రాడ్‌తో. మీకు పిల్లలుంటే విప్‌తోనే మొదలుపెట్టించండి. రీల్ లేని పొడవు కర్ర, పదహారు మీటర్ల కార్బన్ పోల్, వేలాది పౌండ్ల సంగతి, అది తర్వాత. పోల్ పట్టేవాళ్ళు పైన కరెంటు తీగలుంటే 30 మీటర్లు దూరం జరగాలి, కార్బన్‌లో కరెంటు పాకుతుంది.

నాటింగ్హామ్ నుంచి

ట్రెంట్ నది ఒడ్డున ఉండేవాణ్ణి. ఆ పెద్దాయన బెండుని ప్రవాహంలో వదులుతున్నాడన్నారే, దాన్ని ట్రాటింగ్ అంటారు. జూన్ 16 తర్వాత ఆయన పక్కన, ఆయన ఒప్పుకుంటే, ఒక గంట నిలబడి చూడండి. బెండు నీళ్ళతో పాటే పోతుంటే ఆయన వేలితో లైన్‌ని రవ్వంత పట్టి ఆపుతుంటాడు. అప్పుడు ఎర బెండు కంటే ముందుకి లేచి, కొట్టుకొచ్చిన పురుగులాగే చేప ముందుకి వెళ్తుంది. నది పైన ఒక వేగం, అడుగున ఇంకో వేగం, అందుకే ఆ ఆపడం. చబ్, డేస్, రోచ్ దీనికి పడతాయి. కెనెట్‌లో బార్బెల్ కూడా ఉంది. దాన్ని వదిలేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా, మునిగేలా రెండు చేతులతో పట్టుకుని నిలపాలి. గట్టిగా పోరాడే చేప, అలసిపోయి పక్కకి ఒరిగిపోతుంది. దానంతట అది చేతుల్లోంచి తన్నుకుని పోయేదాకా వదలకండి. నాకైతే చేప పట్టడం కంటే ఆ నాలుగు నిమిషాలే ముఖ్యం.

ఇంటికొచ్చాక వల, బూట్లు కడిగి ఆరబెట్టండి, ఒక నీటి రోగం ఇంకో నీటికి పాకకుండా. తినేముందు చేతులు కడుక్కోండి, ఎలుకల మూత్రంతో వచ్చే వైల్స్ జబ్బు ప్రమాదకరం.

రెడింగ్, కొత్తగా వచ్చినవాణ్ణి

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నాకు చూస్తూ కూర్చోవడమే ఇష్టం అన్నయ్యా, అలారం వద్దు. బెండుతోనే మొదలుపెడతాను, జూన్‌లో ఆ పెద్దాయన దగ్గరికి వెళ్తాను. ఒక్క సందేహం. నలుగురం ఒకే ఇంట్లో ఉంటున్నాం, మ్యాగట్లు ఎక్కడ పెట్టాలి?

స్లౌ నుంచి

ఫ్రిజ్‌లోనే. చల్లగా లేకపోతే కొద్ది రోజుల్లోనే క్యాస్టర్లుగా, అంటే ప్యూపాలుగా, మారిపోతాయి, అవి మంచి ఎరే, కానీ వదిలేస్తే ఇంట్లో ఈగలు. బిగుతు మూత, మూతకి సన్న రంధ్రాలు, ఇంకో డబ్బాలో ఆ డబ్బా. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఒప్పించు, చెప్పకుండా పెట్టకు. ఒప్పుకోకపోతే టిన్ను స్వీట్ కార్న్, బ్రెడ్డు ముక్క చాలు, రెండిటికీ రోచ్ పడుతుంది.

ఈ ఆదివారం మా దగ్గర చెరువుకి వెళ్తున్నాను, పొద్దున ఆరుకల్లా ఉండాలి. రాడ్ ఇప్పుడే కొనకు, నాది రెండోది ఉంది, అది వాడి చూసి తర్వాత కొనుక్కో. లైసెన్సు మాత్రం నీ పేరు మీద తీసుకుని రా, నాది నీకు చెల్లదు.