పొట్ట వచ్చిందంటే తప్పు తిన్నోడిదేనా?

కాజీపేట పోరడు: పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే మా దోస్తు అన్నాడు, లావెక్కడం మీద ఇన్ని పరిశోధనలెందుకురా, జీన్స్ అనీ హార్మోన్లనీ సాకులు కాకపోతే, నోరు కట్టుకుంటే సరిపోదా అని. నాకూ నిజమే అనిపించింది. మా తాత మూడు పూటలా అన్నమే తినేవాడు, పొట్ట అన్నదే లేదు.

లెక్కల సార్, పరకాల: మీ తాత నాగలి కూడా పట్టాడు తమ్ముడూ, అది మర్చిపోయావు. అయినా కథ అంతకంటే ముందే, తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుణెలో షుగర్ మీద పరిశోధన చేసే డాక్టర్ యాజ్ఞిక్ వాళ్లు 1990ల నుంచి తల్లుల్ని, పిల్లల్ని గమనిస్తూ వచ్చారు. మన పిల్లలు పుట్టినప్పుడు ఇంగ్లండ్ పిల్లల కంటే బరువు తక్కువ, కండ ఇంకా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గదు. 2004లో ఆయనా, లండన్ డాక్టర్ యుడ్కినూ పక్కపక్కన దిగిన ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి వేసే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మనాయనకు 21.2! చూస్తే ఇద్దరూ సన్నగానే ఉంటారు.

జమ్మికుంట అక్క: మా అమ్మ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దున కూర్చుంటే వెయ్యి అయ్యేదాకా లేచేది కాదు, మధ్యలో ఇంత అన్నం, పచ్చిపులుసు. నలభై దాటేసరికి ఒళ్లు వచ్చింది, మోకాళ్ల నొప్పులు, షుగర్. ఒక డాక్టరమ్మ "తిండి తగ్గించమ్మా" అని రెండు నిమిషాల్లో పంపేసింది. ఆ రాత్రి నుంచి అమ్మ అన్నం మానేసి చాయ్‌లో బిస్కెట్లు ముంచుకుని తినేది, నాలుగు కాదు, ప్యాకెట్.

కాజీపేట పోరడు: అమ్మది వేరక్కా. నేను అనేది మా బ్యాచ్ సంగతి. రాత్రి పదకొండింటికి బిర్యానీ ఆర్డర్ పెట్టమని కడుపులో ఉన్నప్పుడే ఎవరైనా చెప్పారా?

లెక్కల సార్, పరకాల: చెప్పలేదులే. కానీ 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు చేసింది చూడు. 20 మందిని వార్డులో ఉంచి, రెండు వారాలు ప్యాకెట్లలో వచ్చే ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. వాళ్ల ముందు పెట్టిన తిండిలో క్యాలరీలు, చక్కెర, కొవ్వు రెండు రకాల్లోనూ సమానమే. ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. అదే మనుషులు, అవే నోళ్లు. (బిర్యానీ ఆ లెక్కలోకి రాదు కదా అని సంబరపడకు.)

జమ్మికుంట అక్క: 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో ఆడవాళ్లు వందలో 30 మంది బీఎంఐ 25 దాటినవాళ్లే, అంటే బరువు ఎక్కువున్నవాళ్లే. ఇంతమందికీ నోటి మీద అదుపు లేదంటావా?

కాజీపేట పోరడు: అననులే అక్కా. మా బ్యాచ్ మాత్రం మారాల్సిందే. అమ్మ ఇప్పుడేం తింటోంది?

జమ్మికుంట అక్క: రాత్రికి జొన్న రొట్టె. బిస్కెట్లు డబ్బాలో దాచిపెట్టింది, నాకు తెలియదనుకుంటోంది.