వైర్‌లెస్ లారీని ‘నిస్తంత్రీ శకటం’ అనొచ్చా?

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఎస్‌సీఆర్-299 గురించి వ్యాసం రాస్తున్నాను. ఒకటిన్నర టన్ను షెవర్లే లారీ, లోపల బీసీ-610 ట్రాన్స్‌మిటర్, రిసీవర్లు, వెనక ట్రైలర్‌లో పీఈ-95 జనరేటర్. 1942లో ఉత్తర ఆఫ్రికాకి వెళ్ళిన బండి ఇది. దీన్ని ‘నిస్తంత్రీ శకటం’ అన్నాను. ట్యూనింగ్‌కి ‘అనునాదం’, ట్రాన్స్‌మిషన్‌కి ‘ప్రసారం’ వాడాను. సరిపోతాయా?

జవాబు: ‘తంత్రి’ అంటే తీగ. వీణ తీగా అదే, టెలిగ్రాఫ్ తీగా అదే. దానికి తద్భవమైన ‘తంతి’ చివరికి టెలిగ్రాంకే పేరైపోయింది. తీగ లేకుండా వెళ్ళేది సందేశం కాబట్టి దానికి నిస్తంత్రి సరైన మాటే. కానీ బండికి తగిలిస్తే ‘తీగల్లేని బండి’ అనిపిస్తుంది. అసలు ఆ లారీ నిండా తీగలే! జనరేటర్ నుంచి వచ్చే కేబుల్, మోర్స్ మీటకి వెళ్ళే వైరు, ఏరియల్. శకటం అనగానే ఎద్దులబండో, జనవరి 26 ఊరేగింపో గుర్తొస్తుంది. హాయిగా ‘వైర్‌లెస్ లారీ’ అనండి. పోలీసు స్టేషన్లో ఉన్నదాన్ని మనం వైర్‌లెస్ సెట్ అనే అంటున్నాం కదా.

మరో జవాబు: ‘ప్రసారం’ దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. అది ఆకాశవాణి చేసే పని, ఎవరైనా వినొచ్చు. ఇక్కడ ఒక స్టేషన్ ఇంకో స్టేషన్ని పిలిచి మాట్లాడుతోంది. ‘సందేశం పంపడం’ చాలు. అనునాదం భౌతికశాస్త్రంలో మంచి మాటే, కానీ అది స్థితి పేరు. ఆ స్థితికి తెచ్చే పనిని ‘శ్రుతి చేయడం’ అంటాం. తంబూరా బిరడా తిప్పినట్టే ఇక్కడా నాబ్ తిప్పుతాం.

ప్రశ్న అడిగినవారు: శ్రుతి చెవితో చేసేది కదండీ. ఇక్కడ మీటరు చూసి చేస్తారు. మాట పొసుగుతుందా?

జవాబు: పొసుగుతుంది, ఎలా చేస్తారో పక్కనే రాస్తే. బీసీ-610 రెండు నుంచి 18 మెగాహెర్ట్జ్‌ల దాకా పనిచేస్తుంది. బ్యాండు (ఫ్రీక్వెన్సీల శ్రేణి) మారాలంటే ముందు హైవోల్టేజీ ఆపాలి. అది 2000 వోల్టుల పైమాటే, చెయ్యి తగిలితే ప్రాణం పోతుంది. ఆపాక ఆ బ్యాండు కాయిల్ గుచ్చాలి. ఏరియల్ కప్లింగ్ (ఏరియల్‌కి శక్తిని అందించే జోడింపు) వదులుగా పెట్టి, సప్లై ఇచ్చి, చివరి వాల్వు (సంకేతం బలం పెంచే గాజు గొట్టం) లోపలి ప్లేటుకి వెళ్ళే కరెంటు చూపే మీటరు మీద చూపు ఉంచి నాబ్ మెల్లగా తిప్పాలి. ఒకచోట ముల్లు గబుక్కున దిగుతుంది. శ్రుతి కలిసింది అక్కడే. తర్వాత కప్లింగ్ కొద్దికొద్దిగా బిగిస్తే కరెంటు పెరుగుతుంది. ప్రతిసారీ నాబ్ తిప్పి ముల్లుని మళ్ళీ దించుకోవాలి. ముల్లు అసలే దిగకపోతే కాయిల్ వేరే బ్యాండుదై ఉండాలి, లేదా ముందు స్టేజి నుంచి డ్రైవ్, అంటే ఆ వాల్వుని నడిపే సంకేతం, రావడం లేదు. శ్రుతి తప్పిన సెట్టుని అలాగే ఉంచితే ఏరియల్‌కి పోవలసిన శక్తి వాల్వు ప్లేటులో వేడిగా మారుతుంది. అందులో ఉన్న 250టీహెచ్ వాల్వు ప్లేటు ఎర్రబడటం మామూలే. మరీ తెల్లగా వెలిగిందంటే ప్రమాదం.

మరో జవాబు: ఏరియల్ సంగతి కూడా రాయండి. లారీకి బిగించిన కడ్డీ పొడవు 15 అడుగులు, అంటే నాలుగున్నర మీటర్లు. ఇలాంటి కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఉండాలి. 18 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పావు 4.2 మీటర్లే కాబట్టి దాదాపు సరిపోతుంది. రెండు మెగాహెర్ట్జ్‌కి 37.5 మీటర్లు కావాలి! ఆ లోటు పూడ్చడానికే ట్రాన్స్‌మిటర్‌కీ కడ్డీకీ మధ్యలో ఇంకో కాయిల్. అప్పుడు కడ్డీ మొదట్లో వోల్టేజీ విపరీతంగా ఉంటుంది. తడి కొమ్మ తగిలితే శ్రుతి చెడుతుంది. లారీ రబ్బరు టైర్ల మీద ఉంటుంది కాబట్టి ఎర్త్ పని దాని ఇనుప బాడీయే చేస్తుంది. దాన్ని ‘భూసంధానం’ అని రాయకండి, భూమికి కలపనేలేదు.

ప్రశ్న అడిగినవారు: మార్చాను. “వైర్‌లెస్ లారీలో ఆపరేటర్ మీటరు ముల్లు పైకి లేచేదాకా నాబ్ తిప్పి శ్రుతి చేసి సందేశం పంపేవాడు.”

జవాబు: “ముల్లు దిగేదాకా” అని మార్చండి. మిగతాదంతా బాగుంది.