పోప్ పాదంలో ‘ఫర్గెటింగ్’ దగ్గర పేచీ

అరసున్న: ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ ‘ఎలోయీసా టు ఎబిలార్డ్’ పద్యంలో సన్యాసిని భాగ్యాన్ని మెచ్చుకునే పాదం పొద్దున్నుంచీ వేధిస్తోంది. ‘ద వరల్డ్ నెగ్లెక్టింగ్, బై ద వరల్డ్ ఫర్గాట్’ అనా, లేక మొదటిదీ ‘ఫర్గెటింగ్’ అనేనా? రెండు మాటలకీ మూడేసి అక్షరాలే, ఊనిక రెండోదాని మీదే. నడకను బట్టి తేల్చుకుందామంటే కుదరడం లేదు.

ఛందోవతి: రెండు చోట్లా ఫర్గెట్టేనండీ: ‘ద వరల్డ్ ఫర్గెటింగ్, బై ద వరల్డ్ ఫర్గాట్’, అంటే లోకాన్ని మరచి, లోకం చేత మరవబడి. పద్యం 1717లో అచ్చయింది, పై పాదం ‘లాట్’తో ముగుస్తుంది. మీ నెగ్లెక్టింగ్ బహుశా షేక్‌స్పియర్ నాటకం టెంపెస్ట్ నుంచి వచ్చి చేరింది. మొదటి అంకం రెండో రంగంలో ప్రాస్పెరో కూతురితో అంటాడు చూడండి, ‘ఐ దస్ నెగ్లెక్టింగ్ వరల్డ్లీ ఎండ్స్’ (ఇలా లోకవ్యవహారాలు చూసుకోక) అని. అక్కడా లోకమే, అక్కడా ఏకాంతమే. కలగాపులగం కావడం సహజం.

పదశోధి: పాఠం తేలింది సరే, అసలు సంగతి ఇప్పుడే మొదలైంది. ఆ రెండు క్రియలూ ఒకదాని చోట ఒకటి ఇమడవు. ప్రాస్పెరో మిలాన్ డ్యూక్. పాలన అతని పని, దాన్ని తమ్ముడికి వదిలేసి గ్రంథాల్లో మునిగాడు, రాజ్యం పోయింది. చేయవలసినవాడు చేయకపోతేనే నెగ్లెక్ట్. పోప్ చెప్పే సన్యాసిని లోకానికి ఏమీ బాకీ లేదు, కాబట్టి ఆమె నెగ్లెక్ట్ చేయడానికి అక్కడ ఏమీ లేదు. లాటిన్ మూలంలోనూ ‘లెగెరె’ అంటే ఏరుకోవడం, ‘నెగ్లెగెరె’ అంటే కళ్ళెదుట ఉన్నదాన్ని ఏరుకోకుండా వదిలేయడం.

నుడికట్టు: బాధ్యత సూత్రం బాగుంది. అయితే పదశోధి గారూ, మీ లెక్కన ఫర్గెట్ అంటే జ్ఞాపకం జారిపోవడమేనా? 1611 బైబిల్ 45వ కీర్తనలో పెళ్ళికూతురికి ‘ఫర్గెట్ ఆల్సో దైన్ ఓన్ పీపుల్, అండ్ దై ఫాదర్స్ హౌస్’ (నీవాళ్ళనూ నీ తండ్రి ఇంటినీ మరచిపో) అని ఆజ్ఞ ఉంది. మరచిపొమ్మని ఆజ్ఞాపిస్తే ఎవరైనా మరచిపోగలరా? అక్కడ ఆ క్రియకు విడిచిపెట్టడమనే అర్థం. పోప్ సన్యాసిని కూడా పెళ్ళికూతురే, నాలుగైదు ద్విపదల తర్వాత ఆమెకోసం ‘బ్రైడల్ రింగ్’, పెళ్ళి ఉంగరం, సిద్ధమవుతుంది. ఈ పాదంలో వినిపించేది ఆ కీర్తనే అని నా గట్టి నమ్మకం.

అరసున్న: అయితే తెలుగులో ‘లోకాన్ని మరచి’ అనాలా, ‘విడిచి’ అనాలా? ‘ఏమరి’ అన్నా ఒప్పుకుంటారా?

పదశోధి: ఏమరడం ఇక్కడికి రాదండీ. ఏమరుపాటులో ఎరుక తప్పడం ఉంది, అది ఓవర్‌లుక్‌కి దగ్గర. ఉపేక్షించడమంటే చూస్తూనే పట్టించుకోకపోవడం, అది డిస్‌రిగార్డ్ వైపు. ఈ క్రియల్ని అర్థంతో విడదీసే ముందు వాటి వెనక ఏం నిలుస్తుందో చూడాలి, తప్పులన్నీ అక్కడే. ‘ఫర్గాట్ టు సైన్’, ‘నెగ్లెక్టెడ్ టు సైన్’, ‘ఒమిటెడ్ టు సైన్’, ‘ఫెయిల్డ్ టు సైన్’ ఇవన్నీ నిలుస్తాయి. ‘ఓవర్‌లుక్డ్ టు సైన్’, ‘ఇగ్నోర్డ్ టు సైన్’ మాత్రం నిలవవు. ఆ రెండింటికీ నామమే కావాలి. ఓవర్‌లుక్డ్ ద సిగ్నేచర్ అంటే సంతకం లేని సంగతి కంట పడలేదని, ఇగ్నోర్డ్ అంటే కంట పడినా లెక్కచేయలేదని. ఫెయిల్డ్‌కు కారణంతో పనిలేదు, అందుకే నోటీసులు రాసేవాళ్ళకు అదంటే ఇష్టం. ఒమిట్ అయితే తెలిసి చేసినా తెలియక చేసినా చెల్లుతుంది. స్లైట్ అంటే చిన్నచూపు చూడడం, దానికి కర్మ సాధారణంగా మనిషి, నొప్పి అతనిది.

నుడికట్టు: దీనికొకటి కలపాలి. చోటు చెప్పినప్పుడు ఫర్గెట్ తగ్గుతుంది. పుస్తకం ఇంట్లో మరచిపోయాననే మన వాక్యానికి ఇంగ్లీషులో ‘లెఫ్ట్ ఇట్ ఎట్ హోమ్’ అనాలి, చోటు తీసేస్తే ‘ఫర్గాట్ ఇట్’ చక్కగా సరిపోతుంది. ఇక వీలునామాల భాషలో ‘ప్రెటర్మిట్’ అని ఒక ముచ్చటైన క్రియ ఉంది. అమెరికా చట్టంలో ప్రెటర్మిటెడ్ వారసుడంటే వీలునామాలో ప్రస్తావనే లేకుండా పోయిన బిడ్డ. కావాలనే తప్పించిన బిడ్డ డిస్‌ఇన్‌హెరిటెడ్. మొదటివాడికి కొన్ని చోట్ల వాటా దక్కుతుంది, రెండోవాడికి దక్కడం కష్టం. ఒక్క క్రియ తేడాతో ఆస్తి చేతులు మారుతుంది.

ఛందోవతి: మీరిద్దరూ వీలునామాల్లోకి వెళ్ళేలోపు పోప్ దగ్గరికి తిరిగి వద్దాం. ఆ పాదానికి తల్లి కీర్తనల్లో లేదు, లాటిన్ కవి హోరేస్ పద్యలేఖల్లో ఉంది. మొదటి సంపుటి పదకొండో లేఖలో ‘ఒబ్లీటుస్క్వె మెయోరుం, ఒబ్లివిస్కెందుస్ ఎత్ ఇల్లీస్’ అంటాడు: నావాళ్ళను మరచి, వాళ్ళ చేత మరవబడవలసినవాడినై. అదే ఎదురుబొదురు, అదే క్రియ రెండుసార్లు. ఆ జంటను నిలపాలనే పోప్ నెగ్లెక్ట్ జోలికి పోలేదు. ‘ఫర్గెటింగ్’లోని ‘గెట్’ చివరికి ‘గాట్’ అవుతుంది. అచ్చు మారగానే చేసేది చేయబడేదిగా మారిపోతుంది, పది అక్షరాల్లో అంతకంటే ఏం కావాలి!

అరసున్న: ఆ ‘గాట్’ మీదే నా రెండో సందేహం. వ్యాకరణం ప్రకారం ‘ఫర్గాటెన్’ ఉండాలి కదా, ప్రాసకోసం విరిచాడా?

ఛందోవతి: విరవలేదు. షేక్‌స్పియర్ హెన్రీ ది ఫిఫ్త్‌లో ‘ఓల్డ్ మెన్ ఫర్గెట్, యెట్ ఆల్ షల్ బి ఫర్గాట్’, ఆ తర్వాత స్కాట్లండ్ కవి బర్న్స్‌లో ‘షుడ్ ఆల్డ్ అక్వెయింటెన్స్ బి ఫర్గాట్’. ఆ రూపం అప్పటికి పూర్తిగా చెల్లుబాటే.

నుడికట్టు: మూడూ పద్యాలే చూపించారు. 1762లో రాబర్ట్ లౌత్ ఇంగ్లీషు వ్యాకరణం భూతకాల రూపాన్ని ఇలా వాడడాన్ని తప్పుపట్టింది కదా, ఆనాటి వచనంలో ‘ఫర్గాట్’ ఎంత నడిచిందో చూపిస్తే ఒప్పుకుంటాను. ఇంకో మాట. హోరేస్ ‘ఒబ్లివిస్కెందుస్’లో మరపు ఇంకా రావలసి ఉంది. పోప్ ‘ఫర్గాట్’లో అది జరిగిపోయింది. తల్లి అన్నారు గనక, ఆ కాలభేదం ఎక్కడ పోయిందో కూడా చెప్పండి.

పదశోధి: అంతకంటే ముందు ‘ద వరల్డ్’ కర్మ అని ఎలా తేల్చారు? ఫర్గెటింగ్ పక్కన దాన్ని కర్తగా చదివితే మరచేది లోకమే అవుతుంది.