రింకూ సింగ్‌ను ఆపింది మోచెయ్యా, ఆలస్యంగా మొదలెట్టడమా?

స్కోరుబుక్కు:
క్రికెట్ రింకూ గురించి కాదు. 2008లో బేస్‌బాల్ బంతి విసిరేవాళ్ల కోసం మన దేశంలో పెట్టిన ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ గెలిచి, దినేశ్ పటేల్‌తో పాటు అమెరికా బేస్‌బాల్ క్లబ్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లో చేరిన ఎడమచేతి పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) గురించి. జావెలిన్ విసిరే ఉత్తరప్రదేశ్ కుర్రాడు, అప్పటికి 20 ఏళ్లు. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ సింగిల్-ఎ దగ్గర, అంటే పెద్ద లీగ్‌కి చాలా కిందున్న మెట్టు దగ్గర, ఆగిపోయాడు. నన్నడిగితే ఆలస్యమే కారణం. వేగం ఒక్కటే ఉంటే పై స్థాయి బ్యాటర్లు కాచుకుని బాదేస్తారు. చేంజప్ రావాలి, అంటే ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి. బంతిని అరచేతిలోకి లోతుగా పట్టుకుని, ఫాస్ట్‌బాల్‌కి ఊపినంత వేగంగానే చెయ్యి ఊపాలి. కొత్తవాళ్లు బంతిని కాకుండా చేతిని నెమ్మది చేస్తారు, బ్యాటర్ ఇట్టే పసిగడతాడు. ఇది చిన్నప్పటి నుంచి వేలసార్లు విసిరితేగానీ పట్టుబడదు.

ఎడమవాటం:
ఒప్పుకోను అన్నా. 2012లో పైరేట్స్ సింగిల్-ఎ జట్టు వెస్ట్ వర్జీనియా పవర్ తరఫున 39 మ్యాచులు, 72 ఇన్నింగ్స్, ఇ.ఆర్.ఎ. (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటు) 3.00. అంటే తన ఖాతాలో 24 పరుగులే. నాలుగేళ్ల ముందు గ్లవ్ తొడగనివాడు! పైగా ఎడమచేతి రిలీవర్‌కి, అంటే ఆట మధ్యలో దిగే పిచ్చర్‌కి, రెండు రకాల మంచి బంతులున్నా బండి నడుస్తుంది. ఆ తర్వాతే మోచేతి లోపలివైపు లిగమెంట్ పోయి టామీ జాన్ సర్జరీ అయింది. మణికట్టు దగ్గరి టెండన్‌నో, తొడ వెనకదాన్నో తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి దాన్ని ఎనిమిది అంకెలా బిగిస్తారు. కోలుకోడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర. ఆలోగా అతని వయసు 25 దాటింది. 2018లో కుస్తీకి, డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లిపోయాడు.

బరిసె:
ఆ మోచెయ్యి పోవడానికీ ఆలస్యానికీ సంబంధం లేదంటారా? జావెలిన్‌లో పరుగు వేగం సాయపడుతుంది, పోటీలో ఆరు త్రోలతో సరి. పిచ్చర్ 18.44 మీటర్ల దూరం నుంచి, 25 సెంటీమీటర్ల మట్టిదిబ్బ మీద నిలబడి, కిందివైపుకి, వారానికి చాలాసార్లు విసరాలి. ముందుకాలు నేలను తాకేసరికి మోచెయ్యి భుజం ఎత్తుకు రాకపోతే లిగమెంట్ మీద బరువు ఎక్కువ పడుతుంది. అయినా జావెలిన్ చెయ్యి ‘అరగని చెయ్యి’ అని పొంగిపోయేవాళ్లకి ఒక మాట: ఈ లిగమెంట్ గాయాన్ని 1946లో మొదట రాసింది జావెలిన్ త్రోయర్ల గురించే.

స్కోరుబుక్కు:
బరిసె గారూ, అది నాకు తట్టలేదు. కానీ ఎడమవాటం చెప్పిన 3.00ని వయసుతో కలిపి చూడాలి. ఆ ఆగస్టుకి అతనికి 24 నిండాయి. ఆ లీగ్‌లో ఎదురుగా నిలబడ్డవాళ్లు చాలామంది 21, 22 వాళ్లు. క్లబ్బులు ఆ తేడా లెక్కేస్తాయి.

ఎడమవాటం:
లెక్కేస్తాయి, సరే. కానీ వాళ్లకి పదేళ్ల ఆట ఉంది, ఇతనికి నాలుగేళ్లే. మళ్లీ ఇలాంటి పోటీ పెడితే 20 ఏళ్లవాళ్లని కాకుండా 14 ఏళ్లవాళ్లని చూడమంటాను. ఆ వయసులో మాత్రం రోజుకి ఎన్ని విసిరారో లెక్క రాయాల్సిందే.