65 వేలలో గేమింగ్ లాప్‌టాప్: లావు 3050ఆ, సన్న 4050ఆ?

లంకెలపాలెం_లక్కీ:
అన్నలూ అక్కలూ, బీటెక్ సెకండియర్ నేను. నాన్న 65 వేలు ఇస్తానన్నారు, పైన ఒక్క రూపాయి అడగొద్దన్నారు. నిన్న డాబాగార్డెన్స్‌లో ఓ షాపుకెళ్తే రెండు చూపించారు. ఒకటి ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డుది, కార్డు మెమరీ 4 జీబీ, కొంచెం లావు, 58 వేలు. రెండోది 4050, 6 జీబీ, సన్నగా భలే ఉంది, బేరమాడితే 65కి దిగాడు. గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లండీ అనడిగితే "చార్జర్ 150 వాట్లు బాబూ, నీకేటి భయం" అన్నాడు. ఏది తీసుకోమంటారు?

మురళీనగర్_6జీబీ:
4050. ఆలోచించకు. 4 జీబీ అంటే డబ్బులు సముద్రంలో పోసినట్టే.

వాట్ల_మాస్టారు:
తమ్ముడూ ఆగు. షాపతను చెప్పింది చార్జర్ లెక్క, అందులో ప్రాసెసర్, స్క్రీన్, బ్యాటరీ అన్నీ తింటాయి. లాప్‌టాప్‌లో కార్డు పేరొక్కటే చూస్తే బోల్తా పడతావు. 3050 4 జీబీకి ఆ కార్డులు చేసే ఎన్విడియా పెట్టిన పరిధే 35 నుంచి 80 వాట్లు, 4050కి అయితే 35 నుంచి 115. ఆ మధ్యలో ఎంతిస్తారన్నది లాప్‌టాప్ తయారుచేసేవాడి ఇష్టం, సన్నగా చేస్తే వేడి పోవడానికి చోటుండదు కాబట్టి తక్కువిస్తాడు, స్టిక్కరు మాత్రం రెండింటికీ ఒకటే. ఇదివరకు తక్కువ పవర్ వాటికి మాక్స్-క్యూ అని పేరులోనే ఉండేది, చూడగానే తెలిసేది, 30 సిరీస్ నుంచి అదీ తీసేశారు. పైగా మన విశాఖ ఉక్కపోతలో మే నెల మధ్యాహ్నం సన్న లాప్‌టాప్ మీద ఆడితే పావుగంటకి ఫ్రేములు, అదే సెకనుకి వచ్చే బొమ్మలు, పడిపోతాయి, కీబోర్డు మీద పెసరట్టు వేసుకోవచ్చు.

బీచ్‌రోడ్_బజ్జీ:
పెసరట్టు అన్నారు, ఆకలేసింది 😂

మురళీనగర్_6జీబీ:
మళ్ళీ వాట్లు మొదలెట్టారా మాస్టారూ. వాట్లు తగ్గితే ఫ్రేములు తగ్గుతాయి అంతే, సెట్టింగ్స్ తగ్గించుకుని ఆడుకుంటాం. వీర్యామ్, అంటే కార్డు మెమరీ, అయిపోతే అలగ కాదు, కార్డులో పట్టనిదంతా మామూలు ర్యామ్‌లోకి పోతుంది, అది నత్తనడక, గేమ్ నడుస్తూ నడుస్తూ టక్కున ఆగి మళ్ళీ కదులుతుంది, లేదంటే గోడలూ మొహాలూ మైనం పూసినట్టు కనిపిస్తాయి. 80 కాదు 800 వాట్లిచ్చినా ఆ 4 జీబీ 5 అవదు. అది బోర్డుకి అతికించేసి ఉంటుంది, ద్వారకానగర్ మొత్తం తిరిగినా మార్చేవాడు దొరకడు.

వాట్ల_మాస్టారు:
4050లో మెమరీకి దారి, అదే బస్, 96 బిట్లే అండి, 3050 4 జీబీది 128. అది చెప్పరేం?

మురళీనగర్_6జీబీ:
బస్ సన్నమైనా మెమరీ స్పీడు పెంచారు, పైన చిప్పులోనే ఉండే క్యాష్ మెమరీ పెంచారు. మీరు సగమే చెప్తారు ఎప్పుడూ. 4050కి ఫ్రేమ్ జనరేషన్ ఉంది, 3050కి లేదు, అది కూడా చెప్పరు.

వాట్ల_మాస్టారు:
అసలు ఫ్రేములు 25 వస్తుంటే మధ్యలో దొంగ ఫ్రేములు దూర్చి ఏం లాభం, మౌస్ కదిపితే బరువుగానే ఉంటుంది. నేను సగం చెప్పను. తెలిసిందే చెప్తాను.

సిక్కోలు_పిల్లోడు:
జీటీఏ 6కి ఏది సరిపోతాది?

బీచ్‌రోడ్_బజ్జీ:
అది ముందు కన్సోల్స్‌కే అన్నారు. పడుకో బాబూ.

మురళీనగర్_6జీబీ:
తెలిసిందే చెప్తారా? సరే, అడిగారు కాబట్టి చెప్తున్నా. 2021 డిసెంబర్లో ఇక్కడే, ఇలాగే ఈ తమ్ముడి లాగే నేనూ అడిగాను. ఇంకో పాతిక వేలు పోసి పై మోడల్ 3060 తీసుకోనా అంటే, "ఫుల్ పవర్ 3050 కళ్ళు మూసుకుని తీసుకో, 4 జీబీ చాలు, ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నది మీరే. మొదటి ఉద్యోగం, నెలకి 5 వేలు ఈఎంఐ కట్టాను. ఈఎంఐ అయిపోకముందే కొత్త గేమ్స్‌లో టెక్స్చర్స్ మీడియం పెట్టినా మెమరీ చాలదని ఎర్రగీత. అప్పట్నుంచీ నా పేరు చూస్తే మీకు అర్థం కావట్లేదా?

వాట్ల_మాస్టారు:
ఐదేళ్ళు అన్లేదు. మూడేళ్ళు అన్నాను.

మురళీనగర్_6జీబీ:
అదా మీకు దొరికిన పాయింటు!!

వాట్ల_మాస్టారు:
అనని మాట అన్నానంటే ఊరుకోవాలా? ఇంకో మాట వినండి. నేను ఈరోజుకీ జీటీఎక్స్ 1650 మీదే ఆడుతున్నా. నిజంలా వెలుగునీడలు చూపే రే ట్రేసింగ్ లేదు, ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ లేదు, కుర్చీలో కూర్చుంటే నా పక్కన మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటాది. ఎవరికి సలహా చెప్పినా వాళ్ళ ఇంట్లో డబ్బులు ఎలగొస్తున్నాయో ఆలోచించే చెప్తాను. ఇంకో పాతిక పెట్టు, ఇంకో ఏడు పెట్టు అనడానికి ఏముంది, నోటి మాటే కదా. మీకూ అప్పుడు అందుకే చెప్పాను, అప్పు చేయొద్దని.

మురళీనగర్_6జీబీ:
అప్పు ఎలాగూ చేశాను మాస్టారూ! మీరు మిగిల్చిన పాతిక వేలు ఎప్పుడో ఖర్చయిపోయింది, లాప్‌టాప్ మాత్రం ఇంకా ఎదురుగానే ఉంది. ఇంకోటి కొనే స్తోమత లేనోడికే కదా మొదటిసారే సరైంది కొనాల్సింది. మీరు నా జేబు చూసి జాలిపడ్డారు, నాకు కావలసింది జాలి కాదు. ఏది ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్తే నేనే తేల్చుకునేవాణ్ణి.

వాట్ల_మాస్టారు:
...

సునీత_ఎంవీపీ:
ఇద్దరూ మంచినీళ్ళు తాగండి ముందు. బాబూ లక్కీ, ఇంతకీ నువ్వు ఆడేవేంటమ్మా? ఇంతసేపట్లో ఒక్కరూ అడగలేదు.

లంకెలపాలెం_లక్కీ:
వాలరెంట్ అక్కా. అప్పుడప్పుడు జీటీఏ 5. హాస్టల్లో ఏసీ లేదు.

బీచ్‌రోడ్_బజ్జీ:
😂😂😂😂

సునీత_ఎంవీపీ:
వాలరెంట్‌కి కార్డు కన్నా ప్రాసెసరే ముఖ్యం, రెండూ ఎక్కువే నీకు. జీటీఏ 5 పీసీకి వచ్చింది 2015లో, 4 జీబీలో హాయిగా పడుతుంది. రేపు షాపుకెళ్ళి ఆన్ చేయించి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరువు, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఉంటుంది. ర్యామ్ ఒక స్టిక్కా రెండా కూడా అడుగు. ఒకటే అయితే వాలరెంట్‌లో తేడా తెలుస్తుంది.

మురళీనగర్_6జీబీ:
ఈరోజు వాలరెంట్, రేపు ఇంకోటి. కుర్రాడు జీవితాంతం వాలరెంటే ఆడతాడా?

లంకెలపాలెం_లక్కీ:
షాపులోనే ఉన్నా. సన్నది 60 వాట్లు చూపిస్తోంది, లావుది 75. సన్నదాంట్లో ర్యామ్ 16, బోర్డుకే అతికించారట. లావుదాంట్లో 8, ఒకటే స్టిక్కు, ఇంకో స్లాటు ఖాళీ. నాన్న బయట బండి మీదున్నారు, తొందరగా చెప్పండి.

వాట్ల_మాస్టారు:
లావుది. ఇంకో 8 వేయించు.

మురళీనగర్_6జీబీ:
60 అయినా పర్లేదు సన్నదే!! 16 ర్యామ్ కూడా ఉంది కదా, వినకు ఆయన మాట

లంకెలపాలెం_లక్కీ:
తీసేసుకున్నాం. నాన్న లోపలికొచ్చి రెండూ చేత్తో ఎత్తి చూసి లావుదే గట్టిగా ఉందన్నారు. ఇంకో 8 ర్యామ్ వేయించాం. అందరికీ థాంక్స్ అన్నా.

మురళీనగర్_6జీబీ:
మూడేళ్ళకి మళ్ళీ ఇక్కడికే వస్తావు తమ్ముడూ, రాసిపెట్టుకో.

వాట్ల_మాస్టారు:
చూశారా. మూడేళ్ళు అని మీరే అన్నారు.