పాత ఇథాకా ట్రాప్ గన్: కర్రలో ఇంకిన నూనె తీయడం ఎలా?

అందరికీ నమస్కారం. నేను పెన్సిల్వేనియాలో ఉంటాను, ట్రాప్ షూటింగ్ అంటే ప్రాణం. ఈ మధ్య ఇథాకా అనే అమెరికా తుపాకుల కంపెనీ చేసిన పాత సింగిల్ బ్యారెల్ ట్రాప్ గన్ ఒకటి కొన్నాను. 1922లో మొదలైన నిక్ మోడల్, 12 గేజ్, 32 అంగుళాల బ్యారెల్. గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లలను కొట్టడానికే చేసిన తుపాకీ ఇది.

గన్‌స్మిత్ చూసి లోపలి భాగాలు గట్టిగా ఉన్నాయన్నారు. నా టెన్షన్ అంతా కర్ర గురించే. వాల్‌నట్ స్టాక్‌లో (భుజానికి ఆనించే కర్ర భాగం) ఇనుము ఆనే చోట ఏళ్ల తరబడి నూనె ఇంకి, నల్లబడి మెత్తబడింది. అసిటోన్‌లో సుద్దపొడి కలిపి పట్టించి, ఆరాక దులిపితే నూనె బయటికి వస్తుందని చదివాను. ఎవరైనా చేసి చూశారా? ఎన్నిసార్లు పట్టించాలి? చేతిపట్టు దగ్గర చెక్కిన సన్నటి గళ్లు పాడవకుండా ఏం చేయాలి? సాండ్‌పేపర్ మాత్రం వాడను. కర్ర ఒకసారి ఇనుము అంచు కంటే కిందికి అరిగితే ఇక ఆ అమరిక తిరిగి రాదు.

బ్యారెల్ మీద బ్లూయింగ్ (ఇనుముకు ఇచ్చే నీలి నలుపు పూత) కూడా అక్కడక్కడా పోయింది. రిబ్ (బ్యారెల్ పైన గురి చూసే సన్నటి పట్టీ) సోల్డర్‌తో అతికి ఉంటే మామూలు బ్లూయింగ్‌లో వాడే వేడి ఉప్పు ద్రావణం ఆ అతుకును తినేస్తుంది కాబట్టి రస్ట్ బ్లూయింగ్ (పలచగా తుప్పు పట్టించి దాన్నే నల్లటి పూతగా మార్చే పద్ధతి) చేయిద్దామనుకుంటున్నాను. లేక ఉన్నది ఉన్నట్టు వదిలేయడమే మేలా? రిసీవర్ (బ్యారెల్ వెనక యంత్రభాగాలుండే ఇనుప భాగం) మీద మిగిలిన కేస్ హార్డెనింగ్ (వేడితో పైపొరను గట్టిపరచడం) రంగుల జోలికి వెళ్లను, మళ్లీ వేడి చేస్తే ఇనుము వంకరపోవచ్చు.

ఇలాంటి తుపాకీని స్వయంగా బాగుచేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి. ముందు కర్ర సంగతి తెలిస్తే చాలు.